మారుపేరుతో చర్చల్లో రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ల గ్రూపుల్లో అటు తిప్పీ ఇటు తిప్పీ ఇవే సందేహాలు వస్తుంటాయి. తెలుగు మీడియం బడులు, రెసిడెన్స్ సర్టిఫికెట్లు, ఆసుపత్రులు, సరిహద్దు గొడవలు అన్నీ చర్చకు వస్తాయి, రాయాలనీ ఉంటుంది, కానీ ఊరు చిన్నది. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్నకు నేరుగా వెళ్లిపోవచ్చు.

## పేరు పెట్టుకునే ముందు

మారుపేరుతో రాయడం నేరమా?

కాదు. సొంతంగా కల్పించుకున్న పేరుతో అభిప్రాయం రాయకూడదని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది.

నేరమయ్యేది పేరు కాదు, దాని చాటున చేసే పని. బతికున్న ఇంకొకరి పేరు, ఫోటో పెట్టుకుని వాళ్లలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షను కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఇంకొకరి పాస్‌వర్డునో డిజిటల్ గుర్తింపునో దుర్బుద్ధితో వాడితే 66సి, శిక్ష అంతే. పేరు దాచుకుని బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 351(4) వర్తిస్తుంది. మామూలు బెదిరింపుకు పడే శిక్ష మీద ఇంకో 2 ఏళ్ల వరకు జైలు అదనం. బెదిరింపు విషయంలో ముసుగు రక్షణ కాదు, శిక్ష పెంచే కారణం.

పేరు లేకుండా రాసినా, మారుపేరుతో రాసినా ఒకటే కదా?

ఒకటి కాదు. మారుపేరుకు కాలక్రమంలో ఒక చరిత్ర ఏర్పడుతుంది. ఫలానా పేరుతో రాసేవారికి ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ఆఫీసు పనులు బాగా తెలుసనీ, ఇంకొకరు ఆధారం లేనిదే మాట్లాడరనీ చదివేవాళ్లకు తెలిసిపోతుంది. అసలు మనిషి ఎవరో తెలియకపోయినా ఆ పేరును నమ్ముతారు. పేరే లేని పోస్టును తూకం వేయడానికి చదివేవారి చేతిలో ఏమీ ఉండదు.

ఒక్కసారి అడిగి వదిలేసే విషయాలకు పేరు లేకుండా రాయడమే మంచిది: ఇంట్లో కొడుతున్నారు, మానసిక వైద్యానికి ఎక్కడికి వెళ్లాలి, గర్భం విషయంలో సందేహం లాంటివి. ఇవి మీ రోజువారీ మారుపేరుకు కూడా అంటకూడదు. బడి గురించో ఊరి రాజకీయం గురించో నెలల తరబడి వాదించాలంటే మాత్రం ఒకే మారుపేరు మీద నిలబడండి.

మాది చిన్న ఊరు. ఏ పేరు పెట్టుకున్నా ఎవరో ఒకరు పట్టేస్తారు. ఇక దాచుకుని లాభమేంటి?

ముందు తేల్చుకోవలసింది ఎవరి నుంచి దాచుకోవాలన్నది. వీధివాళ్లు, బంధువుల నుంచా? ఆఫీసులో పైవాళ్ల నుంచా? ముక్కూ మొహం తెలియని మోసగాళ్ల నుంచా? పోలీసుల నుంచా? ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఆయుధం ఉంటుంది. మోసగాడి చేతిలో ఉండేది మీ ఫోన్ నంబరు. పోలీసులు కంపెనీని అడిగి వివరాలు తెప్పించుకోగలరు. మేనత్తకు ఇవేవీ అక్కర్లేదు, మీరు రాసిన రెండు వాక్యాలు చాలు. సాంకేతిక జాగ్రత్తలన్నీ పాటించినవాళ్లు కూడా దొరికిపోయేది ఎక్కువగా ఈ మేనత్త దగ్గరే.

పట్టేది ఒక్క వివరం కాదు, వివరాల కూడిక. పర్లాకిమిడిలో ఉంటానంటే వేలమందిలో ఒకరు. టీచరునంటే వందల్లో ఒకరు. తెలుగు మీడియం టీచరునంటే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అమ్మాయి ఈ ఏడాది పది రాస్తోందని కలిపితే ఇక మిగిలేది మీరే. ఈ నాలుగూ ఒకే రోజు రాయనక్కర్లేదు, ఏడాదిలో నాలుగుసార్లు రాసినా పాత పోస్టులు వెనక్కి జరిపి చదివే ఓపిక ఒకరికి ఉంటే చాలు. అందుకే ఒక మారుపేరుకు ఏ వివరాలు చెప్పవచ్చో ముందే నిర్ణయించుకోండి. ఊరు చెబితే ఉద్యోగం చెప్పకండి, ఉద్యోగం చెబితే జిల్లా వరకే ఆగండి.

నేను ప్రభుత్వ ఉద్యోగిని. మారుపేరుతో విమర్శిస్తే నిబంధనలు వర్తించవు కదా?

వర్తిస్తాయి. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964లో 9వ నిబంధన ప్రభుత్వ విధానాల మీద ప్రతికూల విమర్శను సొంత పేరుతో చేసినా, పేరు లేకుండా చేసినా, మారుపేరుతో చేసినా, ఇంకొకరి పేరుతో చేసినా ఒకటేనని మాటల్లోనే రాసి పెట్టింది. రాష్ట్ర ఉద్యోగులకు 1959 నాటి ఒడిశా ప్రవర్తనా నియమావళి ఉంది. రాసే ముందు అది తెప్పించుకుని చదవండి. మారుపేరు మీరెవరో తెలియడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప, తెలిశాక నిబంధన నుంచి తప్పించదు.

లంచం సంగతి పేరు లేకుండా ఫిర్యాదు చేస్తే పట్టించుకుంటారా?

కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఊరూ పేరూ లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోదు. దానికి బదులు 2004 నాటి తీర్మానం ప్రకారం పిడ్పీ (PIDPI) అనే పద్ధతి ఉంది, ఫిర్యాదు చేసినవారి పేరు గుట్టుగా ఉంచే ఏర్పాటు ఇది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్ర సంస్థల ఉద్యోగుల మీద ఫిర్యాదులకు ఇది పనికొస్తుంది. కవరు మీద అది పిడ్పీ ఫిర్యాదని ఇంగ్లీషులో రాసి అంటించాలి. కవరు మీద మీ పేరు ఉండకూడదు, లోపల ఉత్తరంలో తప్పకుండా ఉండాలి. ఇక్కడ పేరు లేకపోవడం కాదు, ఇచ్చిన పేరును బయటికి రానీయకపోవడం అసలు రక్షణ. రాష్ట్ర ఉద్యోగుల మీదైతే ఒడిశా విజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబరు 1064.

ఇలాంటి ఫిర్యాదు ఇచ్చాక అదే విషయం గ్రూపులో మారుపేరుతో పెట్టకండి. రెండింటిలోనూ ఒకే తేదీ, ఒకే మొత్తం ఉంటే ఫిర్యాదుదారు ఎవరో ఆ ఆఫీసువాళ్లకు మీరే చెప్పినట్టు.

ఎలాంటి పేరు పెట్టుకోవాలి?

ఇంటిపేరు పొడి అక్షరాలు, పుట్టిన సంవత్సరం, వీధి లేదా సాహి పేరు, బండి నంబరులోని అంకెలు, ఇంట్లో పిలిచే ముద్దుపేరు పక్కన పెట్టేయండి. మన ఇంటిపేర్లు ఊరినీ కులాన్నీ ఇట్టే చెప్పేస్తాయి. ఇన్‌స్టాలోనో ఆటల్లోనో ఇప్పటికే వాడిన పేరు అసలు వద్దు. దాన్ని వెతుకుపెట్టెలో కొడితే చాలు, అన్నీ కలిసిపోతాయి. పెట్టుకోబోయే పేరును తెలుగులో, ఇంగ్లీషు అక్షరాల్లో, ఒడియాలో వెతికి, ఆ పేరుగల అసలు మనిషి ఈ జిల్లాల్లో లేరని చూసుకోండి.

మగవాళ్లు ఆడపేరు పెట్టుకోవడం చట్టరీత్యా తప్పు కాదు. కానీ ఆ పేరు చూసి ఆడవాళ్లు మీతో మనసు విప్పి మాట్లాడితే, తెలిసిన రోజున ఆ గ్రూపే విరిగిపోతుంది. చేయకండి.

## ఖాతా తెరిచేటప్పుడు

వాట్సాప్ గ్రూపులో డిస్‌ప్లే పేరు మార్చుకుంటే చాలదా?

చాలదు. గ్రూపులో ఉన్న అందరికీ మీ నంబరు కనిపిస్తుంది. ఆ నంబరును ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కొట్టి, డబ్బు పంపకుండానే బ్యాంకులో ఉన్న మీ పూర్తి పేరు చూడవచ్చు. ట్రూకాలర్‌లో ఇంకెవరో మిమ్మల్ని సేవ్ చేసుకున్న పేరు వస్తుంది, అది చాలాసార్లు ఉద్యోగంతో సహా ఉంటుంది. ప్రొఫైల్ ఫోటో, స్టేటస్ సంగతి సరేసరి.

వాట్సాప్ చానల్‌లో చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, కానీ అక్కడ చర్చ జరగదు, చదవడమే. నంబరు దాచుకుని వాదించాలంటే వాట్సాప్ గ్రూపు సరైన చోటు కాదు.

టెలిగ్రామ్‌లో, సిగ్నల్‌లో నంబరు ఎలా దాచాలి?

టెలిగ్రామ్: సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిచి, ఫోన్ నంబర్ దగ్గర ‘నోబడీ’ పెట్టండి. వెంటనే కింద ఇంకో ప్రశ్న వస్తుంది, నంబరుతో మిమ్మల్ని ఎవరు వెతకవచ్చని. దాన్ని ‘మై కాంటాక్ట్స్’కు మార్చండి. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు. అప్పుడు మీ నంబరు తమ ఫోన్లో ఉన్న ప్రతివాళ్లకూ మీ మారుపేరు ఖాతా ఎదురవుతుంది. తర్వాత కాంటాక్టుల సింక్ ఆపి, ఇప్పటికే ఎక్కినవాటిని తుడిచేయండి. కొత్తవాళ్లను కాంటాక్టుగా చేర్చేటప్పుడు నంబరు పంచుకునే టిక్కు తీసేయండి.

సిగ్నల్: 2024 నుంచి యూజర్‌నేమ్ సౌకర్యం ఉంది. సెట్టింగ్స్, ప్రైవసీ, ఫోన్ నంబర్‌లోకి వెళ్లి, చూడగలిగేది ఎవరు, వెతకగలిగేది ఎవరు అన్న రెండింటినీ ‘నోబడీ’ చేయండి.

ఇవన్నీ తోటి సభ్యుల నుంచి దాచేవి. కంపెనీకి మీ నంబరు తెలుసు. సరైన చట్టపరమైన ఉత్తర్వు వస్తే ఐపీ చిరునామా (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తుపట్టే సంఖ్య), నంబరు అధికారులకు ఇస్తామని టెలిగ్రామ్ 2024 సెప్టెంబరులో తన నిబంధనల్లో చేర్చింది.

ఫేస్‌బుక్ గ్రూపులో ‘అనానిమస్’గా పెడితే ఎవరికీ తెలియదా?

గ్రూపు అడ్మిన్లకు, మోడరేటర్లకు, ఫేస్‌బుక్‌కు తెలుస్తుంది. అడ్మిన్ మీ పక్కవీధివాడైతే ఆ బటన్ నొక్కే ముందు ఆలోచించండి. మారుపేరుతో విడి ఖాతా తెరిస్తే ఇంకో చిక్కు: నిత్యజీవితంలో పిలిచే పేరే ఉండాలన్నది ఫేస్‌బుక్ నియమం. ఎవరో రిపోర్టు కొడితే ఖాతా ఆగి, గుర్తింపు కార్డు అడగవచ్చు.

దీనికోసం వేరే సిమ్ కొనాలా? తమ్ముడి పేరు మీద ఉన్నది వాడితే?

మీ పేరు మీదే ఇంకో సిమ్ తీసుకోవచ్చు, ఒక మనిషికి 9 వరకు ఉండవచ్చు. ఆంధ్రా సిమ్ ఒకటి, ఒడిశా సిమ్ ఒకటి పెట్టుకోవడం మనవైపు మామూలే. మీ పేరు మీద ఎన్ని ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి. దొంగ కాగితాలతోనో ఇంకొకరిలా నటించో సిమ్ తీసుకుంటే మాత్రం 2023 టెలికం చట్టం కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. తమ్ముడి సిమ్ మీద మీరు రాస్తే రేపు పోలీసులు తలుపు తట్టేది తమ్ముడింటికి.

ఎక్కువగా చెడేది ఇక్కడ: రెండో సిమ్‌కు రీచార్జి మరిచిపోతారు. కొన్ని నెలలకు ఆ నంబరు ఇంకొకరికి వెళుతుంది, ఓటీపీలూ వాళ్లకే వెళతాయి, ఏళ్ల తరబడి పెంచుకున్న మారుపేరు పరాయివాళ్ల చేతిలో పడుతుంది. ఖాతా తెరిచిన రోజే రెండంచెల పిన్ పెట్టండి.

మెయిల్ ఐడీ కూడా కొత్తది కావాలా?

కావాలి. ‘పాస్‌వర్డ్ మరిచిపోయాను’ నొక్కితే చాలా సైట్లు రికవరీ మెయిల్లో కొన్ని అక్షరాలు, నంబరులో చివరి రెండు అంకెలు చూపిస్తాయి. మీ మీద అనుమానం ఉన్నవారికి అది రుజువైపోతుంది. బ్రౌజరులో కూడా ఈ పేరుకు వేరే ప్రొఫైల్ పెట్టుకుంటే తొందరలో సొంత ఖాతా నుంచి జవాబిచ్చే ప్రమాదం తగ్గుతుంది.

వీపీఎన్ తప్పనిసరా?

మన అవసరాలకు సాధారణంగా అక్కర్లేదు. వీపీఎన్ దాచేది ఐపీ చిరునామాను, మీ మాటతీరును కాదు. పైగా 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశం ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడుకదారుల పేరు, వివరాలు 5 ఏళ్లు దాచాలి. అది ఇష్టంలేక కొన్ని విదేశీ కంపెనీలు ఇండియాలోని సర్వర్లు ఎత్తేశాయి. ఉచిత వీపీఎన్ యాప్‌ల జోలికి పోకండి, మీ సమాచారమే వాటికి ఆదాయం.

## రాసేటప్పుడు

పేరు, ఊరు ఎక్కడా రాయలేదు. అయినా ఎలా కనిపెట్టారు?

మాటతీరు పట్టించి ఉంటుంది. ‘ఏటి’, ‘నాను’, ‘ఒగ్గెయ్’ అని రాసేవారు కళింగాంధ్ర వైపువారని చదివేవారికి ఇట్టే తెలుస్తుంది. వాటి మధ్యలో ‘సాహి’, ‘ఆజ్ఞా’ లాంటి ఒడియా మాటలు పడితే సరిహద్దుకు ఈవలివారని తేలుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవారికైతే ఇది ఇంకా ఎక్కువ. దీర్ఘానికి రెండు ‘ఏ’లు పెడతారా ఒకటా, ‘త’కు ‘హెచ్’ చేరుస్తారా లేదా అన్నది ఒక్కో మనిషికి సంతకంలా స్థిరపడిపోతుంది. చుక్కలు మూడు పెట్టే అలవాటు, ఒకే ఎమోజీ, ఎప్పుడూ వాడే సామెత, ఎప్పుడూ తప్పు రాసే ఒకే మాట, ఇవన్నీ ఆ కోవలోవే.

రెండోది సమయం. ‘ఇప్పుడే మా దగ్గర కరెంటు పోయింది’ అన్న ఒక్క మాటతో ఫీడరు వరకు తెలిసిపోతుంది. రోజూ మధ్యాహ్నం భోజనవేళే రాసి, సెలవుల్లో మాయమైతే ఉద్యోగం ఎలాంటిదో ఊహించవచ్చు. ఠాకురాణి యాత్ర ఫోటోను యాత్ర జరుగుతుండగానే పెడితే ఆ వీధిలో ఆ మేడమీద ఎవరుంటారో బరంపురంవాళ్లకు చెప్పనక్కర్లేదు.

మూడోది, ఎక్కువమంది మరిచిపోయేది: టీ కొట్టు దగ్గర చెప్పిన కథనే మారుపేరుతోనూ చెప్పడం. విన్నవాళ్లలో ఒకరు ఆ గ్రూపులో ఉంటే చాలు.

అయితే యాస మానేసి పుస్తక భాషలో రాయాలా?

ఎప్పుడూ అక్కర్లేదు, మా అభిప్రాయంలో అలా చేయడం నష్టం కూడా. ఇటువైపు తెలుగు బతికేదే ఆ మాటల్లో. ఉద్యోగం పోయేంత, ప్రాణం మీదకు వచ్చేంత విషయమైతే మాత్రం ఆ ఒక్క పోస్టును పత్రికల్లో వార్త రాసినట్టు పొట్టి వాక్యాల్లో, విశేషణాలు లేకుండా రాయండి. రాసి ఒక రాత్రి ఆపి, పొద్దున్న మీ సొంత మాటలు ఏరేయండి. ఏఐ యాప్‌లో పెట్టి తిరగరాయించుకుంటే శైలి మారుతుంది గానీ, ఆ రహస్యం ఇంకో కంపెనీ సర్వరులోకి వెళుతుంది. పేర్లు, తేదీలు తీసేశాకే ఆ పని చేయండి.

బిల్లో, సర్టిఫికెట్టో, ఫోటోనో రుజువుగా పెట్టాలి. ఎలా పెట్టాలి?

ఫోన్‌తో తీసిన ఫోటోలో తీసిన సమయం, ఫోన్ మోడలు, లొకేషన్ ఆన్‌లో ఉంటే స్థలం కూడా దాగి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఇవి పోతాయి, ‘డాక్యుమెంట్’గా పంపితే అలాగే వెళతాయి. స్పష్టంగా ఉంటుందని డాక్యుమెంటుగా పంపేవారు ఇక్కడే దొరుకుతారు.

కరెంటు బిల్లులో వినియోగదారు నంబరు, సర్టిఫికెట్‌లో క్యూఆర్ కోడ్, దరఖాస్తు నంబరు, బార్‌కోడ్ ఇవన్నీ పేరుతో సమానం. పేరు కొట్టేసి క్యూఆర్ వదిలేసిన రెసిడెన్స్ సర్టిఫికెట్‌ను ఎవరైనా స్కాన్ చేసి చూస్తారు. వీధి ఫోటోలో బండ్ల నంబర్లు కూడా చూడండి. ఓడీ-07 గంజాం, ఓడీ-20 గజపతి, ఓడీ-18 రాయగడ, ఓడీ-10 కోరాపుట్టు అని అందరికీ తెలుసు.

చెరిపే పద్ధతి: ఫోన్‌లో మార్కర్‌తో గీస్తే నలుపు పూర్తిగా పడదు, వెలుతురు పెంచితే కింది అక్షరాలు బయటపడతాయి. బ్లర్ కూడా నమ్మదగింది కాదు. వీలైతే ఆ భాగాన్ని కత్తిరించేయండి, లేదా నిండు నలుపు డబ్బా పెట్టండి. తర్వాత దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్‌నే పంపండి. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా పెడితే కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి. వర్డ్ ఫైలు లక్షణాల్లో కంప్యూటరు యజమాని పేరు ఉంటుంది, అది ఆఫీసు కంప్యూటరైతే ఆఫీసు పేరు.

సహాయం అడగాలంటే వివరాలు చెప్పాలి కదా. ఎంత చెప్పాలి?

జవాబును మార్చే వివరం చెప్పండి, మార్చనిది తీసేయండి. ఉదాహరణకు ఇలా రాశారనుకోండి: ‘నిన్న గుణుపురం తాసీల్ ఆఫీసులో మా రెండో అబ్బాయి కుల ధ్రువపత్రం తిప్పి పంపారు, మా ఆవిడ పుట్టిల్లు పాతపట్నం అని.’ దీన్ని ఇలా మార్చవచ్చు: ‘తల్లి ఆంధ్రాలో పుట్టిందన్న కారణంతో రాయగడ జిల్లాలో పిల్లల కుల ధ్రువపత్రం ఆపారు. తండ్రి ఒడిశావాడే. ఏ కాగితాలు జత చేయాలి?’ తెలిసినవాళ్లు చెప్పే జవాబు రెండింటికీ ఒకటే. నిన్న జరిగినదాన్ని రెండు మూడు వారాలాగి అడగగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ రోజు కౌంటరు దగ్గర ఉన్నవారికి ఆ రోజే గుర్తుంటుంది.

జవాబు తప్పిపోయేలా అబద్ధపు వివరాలు మాత్రం కలపకండి. జిల్లా మార్చితే ఆఫీసూ మారుతుంది.

కొటియా లాంటి గొడవల మీద మారుపేరుతో రాస్తే ఎవరైనా నమ్ముతారా?

‘నేను అక్కడివాణ్ణే’ అంటే నమ్మరు, నమ్మనవసరం లేదు కూడా. ఒడిశా, ఆంధ్రా రెండూ తమవేనంటున్న ఆ సరిహద్దు పల్లెల గురించి రెండు రాష్ట్రాలవాళ్లకూ గట్టి అభిప్రాయాలున్నాయి. ఇలాంటి చోట మారుపేరుకు బలం కాగితమే: గెజిట్, కోర్టు ఉత్తర్వు, ఆఫీసు నోటీసు. అవి లేకపోతే చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు విడదీసి రాయండి.

మారుపేరుతో రాశాను కాబట్టి పరువు నష్టం కేసు పడదు కదా?

పడుతుంది. న్యాయ సంహిత 356 కింద 2 ఏళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజసేవ. నిజమై ఉండి ప్రజాప్రయోజనం కోసం రాసినదైతే మినహాయింపు ఉంది, కానీ అది నిరూపించుకోవలసింది మీరు. అత్యాచార బాధితుల పేరు, వాళ్లను గుర్తుపట్టించే వివరం రాస్తే సెక్షను 72 కింద 2 ఏళ్ల వరకు జైలు. సానుభూతితో రాసినా అంతే.

## గ్రూపు నడిపేవారికి

సభ్యులందరినీ అసలు పేరు, ఆధార్ అడిగితే గొడవలు తగ్గవా?

దేశం మొత్తం మీద చేసి చూసినవాళ్లున్నారు. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో రాసేవాళ్లు అసలు గుర్తింపు నిరూపించుకోవాలని చట్టం తెచ్చింది. సైట్ల దగ్గర కుప్పపడ్డ ఆ వివరాలు దొంగలకు ఎరగా మారాయి. 2011లో ఒక్క దాడిలోనే సుమారు మూడున్నర కోట్లమంది సమాచారం పోయింది. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది.

మన గ్రూపుల్లో సొంత పేరు, సొంత ఫోటో పెట్టుకునే తిట్టుకునేవాళ్లకు కొదవలేదు. ఆధార్ ఫోటోలు అడ్మిన్ ఫోన్‌లో పోగుచేయడం కన్నా, ఇప్పటికే ఉన్న ఇద్దరు సభ్యులు పూచీ పడితే చేర్చుకోవడం మేలు. ఒక మనిషికి ఒకే పేరు, పేరు మార్చుకుంటే పాతది చెప్పాలి, డాక్టరుననో లాయరుననో సలహా ఇచ్చేవారు అడ్మిన్‌కు విడిగా రుజువు చూపాలి. ఈ మూడు నియమాలు చాలు. చూపించిన రుజువును దాచుకోకండి, చూసి వదిలేయండి.

ముసుగు వేసుకుని ఎవరో బూతులు రాస్తే అడ్మిన్ మీద కేసు పెడతారా?

సభ్యుడు పెట్టినదానికి, అడ్మిన్‌కు ఉమ్మడి ఉద్దేశం ఉందని తేలనిదే, కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అయినా కేసంటూ పడ్డాక కోర్టు దాకా తిరగడమే ఒక శిక్ష. చూసిన వెంటనే తీసేయండి, తీసేముందు స్క్రీన్‌షాట్ ఉంచుకోండి.

పోలీసులు ఫలానా సభ్యుడు ఎవరని ఫోన్ చేశారు. చెప్పాలా?

రాతపూర్వకంగా అడగమనండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పోలీసు, కోర్టు పద్ధతుల చట్టం) 94 కింద స్టేషన్ అధికారి రాతపూర్వక ఉత్తర్వుతో కాగితాలు, ఎలక్ట్రానిక్ సమాచారం తెమ్మని అడగవచ్చు. అది వచ్చాక దాచకండి, చెరపకండి, అడిగినంతే ఇవ్వండి. పోలీసులమని ఫోన్ చేసేవారిలో మోసగాళ్లూ ఉంటారు. నోటీసు లేకుండా సభ్యుల జాబితా ఎవరికీ పంపవద్దు.

ఒకరే రెండు పేర్లతో వచ్చి తమను తామే మెచ్చుకుంటున్నారని అనుమానం.

ఒకే అక్షరదోషాలు, ఒకరు రాసిన వెంటనే ఇంకొకరు రావడం, ఇద్దరూ ఎన్నడూ ఒకరితో ఒకరు విభేదించకపోవడం, ఇవి సూచనలే, రుజువు కాదు. అన్నదమ్ములు ఒకే ఫోన్ వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. విడిగా అడగండి, గ్రూపులో నిలదీయకండి.

## పేరు బయటపడినప్పుడు, వేధింపు వచ్చినప్పుడు

నా అసలు పేరు గ్రూపులో పెట్టేశారు. మొదట ఏం చేయాలి?

జవాబు ఇవ్వకండి. ‘అది నేను కాదు’ అన్నా, కోప్పడినా ధ్రువపరిచినట్టే అవుతుంది. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. పెట్టినవారి యూజర్‌నేమ్, తేదీ, సమయం, లింకు కనిపించాలి. తర్వాత అడ్మిన్‌కు విడిగా రాసి తీసేయించండి, సైటుకు రిపోర్టు కొట్టండి. మీ పాత పోస్టులు తొందరపడి తుడిచేయకండి, కేసు అయితే అవి మీకే సాక్ష్యం. నంబరు, చిరునామా కూడా బయటపడి ఉంటే బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులు ఆ రోజే మార్చి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. వింత ఫోన్లు మొదట వచ్చేది వాళ్లకే.

నా ఫోటో పెట్టి నా పేరుతోనే ఎవరో ఖాతా నడుపుతున్నారు.

ఖాతా ప్రొఫైల్‌లోకి వెళ్లి రిపోర్టులో ‘నాలా నటిస్తున్నారు’ అన్నది ఎంచండి. నలుగురు మిత్రులు వేరే కారణాలు ఎంచి రిపోర్టు కొట్టడం కన్నా మీరొక్కరే సరైన కారణంతో కొట్టడం మంచిది. అది పనిచేయకపోతే ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ చేయండి. 2021 ఐటీ నియమాల ప్రకారం వేషధారణ, నగ్న చిత్రాల ఫిర్యాదులకు గడువు రోజుల్లో కాదు, గంటల్లో ఉంటుంది. డబ్బు అడుగుతూ మెసేజీలు పోతుంటే, ఎవరైనా పంపేసి ఉంటే, వాళ్లను వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

మారుపేరుతో బెదిరిస్తున్నారు. అసలు వాళ్లెవరో తెలుస్తుందా?

తెలిసే అవకాశం బాగానే ఉంది, కానీ కాలం మీద ఆధారపడి ఉంటుంది. 2021 నియమాల ప్రకారం అధికారం గల సంస్థ రాతపూర్వకంగా అడిగితే కంపెనీ 72 గంటల్లోగా సమాచారం ఇవ్వాలి. ఖాతా మూసేసినా నమోదు వివరాలు 180 రోజులు ఉంచాలి. ఏ ఐపీ ఏ కనెక్షన్‌దో చెప్పే రికార్డులను టెలికం కంపెనీలు కనీసం 2 ఏళ్లు ఉంచాలి. సంభాషణ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా ఖాతా ఏ నంబరు మీద తెరిచారన్నది దాగదు. ‘వాడే మానేస్తాడులే’ అని ఆరు నెలలు చూస్తే, ఖాతా ఎత్తేసినవాడి ఆనవాళ్లు చట్టబద్ధంగానే పోతాయి.

నేను పర్లాకిమిడిలో, బెదిరించేవాడు ఇచ్ఛాపురంలో. ఏ స్టేషనుకు వెళ్లాలి?

మీకు దగ్గరున్న స్టేషనుకు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, తర్వాత వాళ్లే సంబంధిత స్టేషనుకు పంపుతారు. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా నమోదు చేయవచ్చు. స్త్రీలు, పిల్లలకు సంబంధించిన అశ్లీల సమాచారం మీద ఫిర్యాదైతే అక్కడ పేరు లేకుండా ఇచ్చే వీలుంది.

స్క్రీన్‌షాట్లు తెలుగులో ఉంటే ఒక్కొక్కదాని కింద దాని అర్థం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఒక వాక్యం రాసి తీసుకెళ్లండి. రాసుకునే అధికారికి తెలుగు రాకపోతే బెదిరింపు కాస్తా ‘మాటామాటా అనుకున్నారు’ అయిపోతుంది.

ఇన్నేళ్లు మారుపేరుతో రాశాను. ఇప్పుడు సొంత పేరుతో రాయాలని ఉంది. ఎలా మారాలి?

చెప్పిన క్షణం నుంచి పాత పోస్టులన్నీ మీ సొంత పేరు మీద చేరతాయి, ఆరేళ్ల కిందట కోపంలో రాసినవి కూడా. ముందు ఖాతా డేటా డౌన్‌లోడ్ చేసుకుని మొదటి నుంచి చదవండి. అందులో ఇతరులు మారుపేరును నమ్మి మీకు చెప్పుకున్న రహస్యాలు ఉంటే, మీరు బయటపడితే వాళ్లూ బయటపడతారా అన్నది చూడండి. పడతారనిపిస్తే ముందు వాళ్లను అడగండి. ఇవన్నీ తేలక ఇబ్బందిగా ఉంటే పాత పేరును అలాగే నిద్రపుచ్చి, సొంత పేరుతో కొత్తగా మొదలుపెట్టవచ్చు. రెండో దారి పట్టినవారు పాత వాదనలను అవే మాటల్లో మళ్లీ రాయకుండా చూసుకోవాలి, పాత ఖాతా నంబరుకు రీచార్జి ఆపేముందు ఖాతాను పూర్తిగా డిలీట్ చేయాలి.